బొమ్మల కథకు చప్పుడు తోడైతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివే అమ్మానాన్నలు, బడిలో టీచర్లు, లైబ్రరీలో కథలు చెప్పేవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు ఉంది. కొన్నింటి దగ్గర కాసేపు ఆగక తప్పదు.

నాకు పాడటం రాదు, సంగీతం అసలే తెలియదు. నావల్ల అవుతుందా?

అవుతుంది. ముందు ఈ చిన్న పని చేసి చూడండి. వాన బొమ్మ ఉన్న పేజీ తెరిచి, పుస్తకం అట్ట మీద ఒక వేలితో మెల్లగా తట్టండి. టప్... టప్... కాసేపటికి రెండో వేలు కలపండి. తర్వాత మూడు, నాలుగు, అయిదు. చినుకులు కాస్తా జోరువాన అయిపోతాయి. ఇప్పుడు ఒక్కో వేలూ తీసేస్తూ రండి. ఆఖరి వేలు కూడా ఆగిపోతే వాన వెలిసినట్టే. ఇందులో పాట లేదు, రాగం లేదు. అయినా పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. రెండోసారి చదివేటప్పటికి వాళ్ల వేళ్లు కూడా అట్ట మీదకు వచ్చేస్తాయి.

గొంతు బాగోదని మొహమాటపడేవాళ్లకు ఒక మాట. కడుపులో ఉన్న బిడ్డకు చివరి మూడు నెలల్లో బయటి శబ్దాలు వినిపిస్తుంటాయి. పుట్టిన కొద్ది రోజులకే తల్లి గొంతుకూ వేరే ఆడవాళ్ల గొంతుకూ తేడా పట్టేస్తుంది. శ్రుతి కలిసిందా లేదా అని ఆ బిడ్డ చూడదు. తెలిసిన గొంతు వినిపిస్తే చాలు.

బొమ్మ ఉంది, మాట ఉంది. మళ్లీ చప్పుడు దేనికి?

బొమ్మ ఒక్క క్షణాన్నే పట్టుకోగలదు. కప్ప గాల్లో ఉంది. ఎక్కడి నుంచి ఎగిరిందో, ఎక్కడ పడబోతోందో బొమ్మలో ఉండకపోవచ్చు. మీరు 'బుడుంగ్' అనగానే పిల్లల చూపు కప్పను వదిలి పేజీ అడుగున ఉన్న నీళ్ల మీదకు దిగుతుంది. అంతవరకూ వాళ్లు ఆ నీళ్లను చూసి ఉండరు. చప్పుడు చేసే అసలు పని ఇదేనని నా నమ్మకం: పిల్లలు బొమ్మను ఇంకాస్త సేపు, ఇంకాస్త దగ్గరగా చూసేలా చేయడం. చప్పుడు విని పిల్లలు తల తిప్పి మీ చేతుల వైపు చూస్తూ ఉండిపోతే, ఏదో ఎక్కువైందని అర్థం చేసుకోవాలి.

ఇంకో లాభం కూడా ఉంది. ఒకేలా ముగిసే పదాలు, జంట శబ్దాలు, చప్పట్లతో విరిచి పలికే అక్షరాలు పిల్లల చెవికి బాగా అలవాటైతే, మాటలో ఏయే శబ్దాలున్నాయో వాళ్లకు విడివిడిగా వినిపించడం మొదలవుతుంది. రేపు అక్షరాలు నేర్చుకునేటప్పుడు ఇది అక్కరకొస్తుంది.

కొత్త పుస్తకం తీసుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటిసారి ఏ చప్పుడూ లేకుండా మీరొక్కరే చదవండి. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. ముద్రణలో కాగితం మడత 16 పేజీల లెక్కన వస్తుంది కాబట్టి ఆ సంఖ్య స్థిరపడిపోయింది. 32 పేజీల్లో ప్రతిదానికీ ఏదో ఒకటి చేయాలని చూస్తే కథ నలిగిపోతుంది. నాలుగైదు చోట్లు ఎంచుకోండి, చాలు.

ఒక తాబేలు ఎండుటాకుల మీదుగా నడిచి చెరువు చేరుకునే కథ అనుకుందాం. నేనైతే ఇలా చేస్తాను. నడకకు ఒక పాత పేపరు తీసుకుంటాను. దాన్ని ఉండ చుట్టేయకూడదు. ఒక మూల పట్టుకుని వేళ్ల కొసలతో కొంచెం కొంచెంగా నొక్కాలి. కర్... కర్... కర్... కర్... తాబేలుకు నాలుగు కాళ్లు కాబట్టి నాలుగుసార్లు, తర్వాత కాస్త ఆగాలి. ఆ ఆగడం ముఖ్యం. గబగబా నలిపితే తాబేలు పోయి ఉడత వచ్చేస్తుంది! కావాలంటే రెండూ చేసి చూపించి, ఇప్పుడు వెళ్లింది ఎవరని పిల్లలను అడగండి.

దారిలో కొమ్మ విరిగిన పేజీకి ఒక ఎండు పుల్ల. ఒక్కసారే, ఫెళ్లున. గాలి పేజీకి నోరే చాలు. చివరికి తాబేలు నీళ్లలోకి దిగిన పేజీ దగ్గర, అందరూ బుగ్గలోంచి వేలు లాగి 'టప్' మనిపించాక, ఏమీ చేయను. నీటి అడుగున ఉన్న ఆ రెండు పేజీలూ మాటా చప్పుడూ లేకుండా పిల్లల ముందు తెరిచి పట్టుకుంటాను. అంతసేపు కరకరలు విన్న చెవికి ఆ నిశ్శబ్దం నిజంగానే నీళ్లలో మునిగినట్టు ఉంటుంది.

పుస్తకంలో 'వాన కురిసింది' అని మాత్రమే ఉంది. నా సొంత మాటలు కలపవచ్చా?

తప్పకుండా. పైగా మనం చదివేది తెలుగులో. చప్పుళ్లకు మన దగ్గర ఉన్నన్ని మాటలు ఎంత వాడినా తరగవు. వాన చిటపట మొదలై జోరందుకుంటుంది. సెలయేరు గలగలా పారుతుంది. కన్నీళ్లు జలజలా రాలతాయి. కప్పు కారితే బొటబొట. గాలి రివ్వున వీస్తుంది, మరీ పెద్దదైతే హోరుమంటుంది. తలుపు కిర్రుమని తెరుచుకుని దబాలున మూసుకుంటుంది. గంట గణగణ, గజ్జెలు ఘల్లుఘల్లు, పక్షి రెక్కలు టపటప. పాము జరజరా పాకి బుస్సుమంటుంది. వానకు చెప్పిన చిటపటే పొయ్యిలో నిప్పుకూ చెబుతాం. ఈ సంగతి పిల్లలకు చెప్పి, ఎందుకో ఆలోచించమనండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి వేరే ఉంది. చప్పుడే లేని వాటికి కూడా తెలుగు చప్పుడు లాంటి మాట కల్పించింది. నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి. మెరుపు తళుక్కుమంటుంది. బంగారం ధగధగ, నూనె రాసిన జుట్టు నిగనిగ, కొత్త పాత్ర తళతళ. భయమేస్తే గుండె గుబగుబ. వీటిలో చాలావాటికి బయట వినిపించే శబ్దమే లేదు, అయినా పలికితే చెవికి కనిపిస్తాయి. రాత్రి ఆకాశం నిండా చుక్కలున్న పేజీ వచ్చినప్పుడు గొంతు తగ్గించి 'మిణుకు... మిణుకు...' అంటూ ఒక్కో చుక్క మీద వేలు పెట్టి చూడండి. ఏ వాయిద్యమూ ఇంతకంటే బాగా చేయలేదు.

మీరు చెప్పడమే కాదు, అడగండి కూడా. ఒకసారి నత్త బొమ్మ చూపించి 'ఇది ఏమని నడుస్తుంది?' అని అడిగాను. అందరూ ఆలోచనలో పడ్డారు. ఒక అమ్మాయి వేలి కొస నాలుకకు తడి చేసుకుని, పుస్తకం నున్నటి అట్ట మీద మెల్లగా లాగింది. సన్నగా, వినీ వినిపించనట్టు కీచుమంది. ఆ రోజు నుంచి నత్తకు నేను అదే చప్పుడు వాడుతున్నాను.

వాయిద్యాలు కొనాలా?

అక్కర్లేదు. సినిమాల్లో అడుగుల చప్పుడు, తలుపుల చప్పుడు విడిగా చేసి కలిపే పనిని ఫోలీ అంటారు. హాలీవుడ్‌లో ఈ పనికి దారి వేసిన జాక్ ఫోలీ పేరు మీదే ఆ మాట వచ్చింది. ఆ పని చేసేవాళ్లు వాడేవన్నీ చాలావరకు ఇంటి సామానే. రెండు కొబ్బరి చిప్పలు బోర్లించి కొడితే గుర్రం డెక్కలు. చేతి తొడుగులు విదిలిస్తే పక్షి రెక్కలు. గరగరలాడే ప్లాస్టిక్ కాగితం నలిపితే మంట. మొక్కజొన్న పిండి తోలు సంచిలో పోసి పిసికితే మంచు మీద అడుగులు. పెద్ద రేకు ఊపితే ఉరుము.

నీళ్లతో ఒక ఆట ఉంది, దీన్ని కచ్చితంగా చేయండి. రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో కొంచెం, ఇంకోదాంట్లో ఎక్కువ నీళ్లు పోయండి. చెంచాతో తడితే నీళ్లు ఎక్కువున్న సీసా బొంగురుగా పలుకుతుంది. మూతి మీద ఊదితే కథ తలకిందులవుతుంది, ఆ సీసాయే సన్నగా పలుకుతుంది. తట్టినప్పుడు కదిలేది గాజు, నీళ్లు. నీళ్లు పెరిగితే బరువు పెరిగి కదలిక నెమ్మదిస్తుంది. ఊదినప్పుడు కదిలేది పైనున్న గాలి, నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది. పెద్ద ఎలుగుబంటి, చిన్న ఎలుగుబంటి ఉన్న ఏ కథకైనా ఈ రెండు సీసాలు సరిపోతాయి.

గింజలు పోసి గిలక్కాయలు చేస్తే మూత జిగురుతో అంటించి, పైన టేపు చుట్టండి. మూడేళ్ల లోపు పిల్లల చేతికి గింజలు అందితే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఒక్కో పాత్రకు ఒక్కో శబ్దం పెడితే బాగుంటుందా?

చాలా బాగుంటుంది. రష్యన్ స్వరకర్త సెర్గీ ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసం రాసిన 'పీటర్ అండ్ ద వుల్ఫ్' అనే సంగీత కథ మొత్తం ఈ పద్ధతి మీదే నడుస్తుంది. అందులో పిట్టకు ఫ్లూట్, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తాతకు బసూన్, తోడేలుకు మూడు ఫ్రెంచ్ హార్న్‌లు. ఇవన్నీ ఊది వాయించేవే.

మనకు ఆర్కెస్ట్రా లేదు కాబట్టి మూడు పాత్రలకు మించి పెట్టుకోవద్దు. అంతకంటే ఎక్కువైతే ఏది ఎవరిదో మీకే గుర్తుండదు. శబ్దాలు ఒకదానికొకటి దూరంగా ఉండాలి. ఒకటి గంట, ఒకటి డబ్బా మీద దెబ్బ, ఒకటి దువ్వెన పళ్ల మీద గీత. కథ మొదట్లో ప్రతి పాత్ర బొమ్మా చూపించి దాని శబ్దం వినిపించండి. తర్వాత అసలు మజా ఉంది. పేజీ తిప్పకముందే, వచ్చే పేజీలో ఉన్న పాత్ర శబ్దం చేయండి. ఎవరు వస్తున్నారో పిల్లలే అరిచి చెబుతారు. పేజీ తిప్పి చూస్తే వాళ్లు చెప్పిందే నిజమవుతుంది.

చదువుతున్నంతసేపూ వెనకాల మ్యూజిక్ పెట్టవచ్చా?

నేను వద్దనే అంటాను. వెనక మోత ఉన్నా ముందున్న మాటను విడదీసి వినడం పెద్దవాళ్లకు వచ్చినంతగా పిల్లలకు రాదు. ఆ నేర్పు కుదరడానికి చాలా ఏళ్లు పడుతుంది. కొత్త మాట వస్తున్న చోట వెనకాల వయొలిన్ మోగుతుంటే ఆ మాట జారిపోతుంది. సాహిత్యం ఉన్న పాటైతే మరీ కష్టం, రెండు కథలు ఒకేసారి వింటున్నట్టే.

కథకు ముందు రెండు నిమిషాలు పెట్టండి, అందరూ సర్దుకుని కూర్చునే లోపు. రోజూ అదే సంగీతమైతే అది మొదలవగానే పిల్లలే వచ్చి కూర్చుంటారు. మాటలు లేని, బొమ్మ మాత్రమే ఉన్న పేజీల దగ్గర కూడా పెట్టవచ్చు. చదవడం మళ్లీ మొదలుపెట్టే ముందు ఆపేయండి.

కథలో పాట ఎక్కడ పెట్టాలి? ఎంత పొడవుండాలి?

మళ్లీ మళ్లీ వచ్చే వాక్యం ఎక్కడుందో చూడండి. అదే పాట. రెండు పాదాలు దాటితే చిన్నపిల్లలు వెనకబడతారు. మన తాబేలుకు నేను కట్టుకున్నది ఇది:

మెల్లగా మెల్లగా అడుగేద్దాం
చల్లని నీటిలో మునిగేద్దాం

తాబేలు ఆగిన ప్రతిచోటా ఇదే. మూడోసారికి మీరు 'మెల్లగా' అనగానే మిగతాది పిల్లలు అందుకుంటారు. అప్పుడు మీరు ఆగిపోండి, వాళ్లనే పాడనివ్వండి.

బాణీ కట్టడం ఎలా అని టెన్షన్ పడేవాళ్లకు ఒక ఉపాయం. కీబోర్డు మీద నల్ల మెట్లు మాత్రమే వాయించండి. ఎటు నుంచి ఎటు వాయించినా చెవికి గుచ్చుకోదు. అవి అయిదు స్వరాలే. సరైన మెట్టును షడ్జమంగా, అంటే 'స'గా, పెట్టుకుంటే అదే మన మోహన రాగం. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ పిల్లలకు సంగీతం నేర్పే పద్ధతిలో కూడా మొదట అయిదు స్వరాలే ఉంటాయి. అందులో వాడే జైలోఫోన్ లాంటి, పలకల మీద కొట్టి వాయించే వాయిద్యాల్లో ఆ పలకలు ఊడదీసే వీలుంటుంది. అక్కర్లేని స్వరాల పలకలు తీసేసి పిల్లల ముందు పెడతారు. ఇక ఏది కొట్టినా తప్పు పడదు.

మధ్యలో ఆగితే పిల్లలు విసుగెత్తిపోరా?

ఆగేటప్పుడు మీరూ బొమ్మనే చూస్తుంటే విసుగురాదు. గడియారం వైపు చూస్తే మాత్రం వెంటనే పసిగడతారు.

మెరుపు పేజీ ఉంటే నిశ్శబ్దాన్ని వాడటం చాలా తేలిక. నిజంగా ఆకాశంలో కూడా మెరుపు ముందు, ఉరుము తర్వాత. వెలుగు అప్పటికప్పుడే చేరుతుంది, శబ్దానికి కిలోమీటరుకు దాదాపు 3 సెకన్లు పడుతుంది. కాబట్టి 'తళుక్!' అని పేజీ తిప్పండి. పిల్లలతో మెల్లగా లెక్కపెట్టించండి. ఒకటి... రెండు... మూడు... ఆరు దాకా వెళ్లాక డబ్బా మీద ఢమఢమ. పిడుగు రెండు కిలోమీటర్ల దూరంలో పడింది. తర్వాతి మెరుపుకు మూడు అంకెలే. అది దగ్గరికొస్తోందని పిల్లలు ఒకరినొకరు పట్టుకుంటారు. పుస్తకంలో ఉన్నది ఒక్క మెరుపు బొమ్మ మాత్రమే!

అందరికీ ఏదో ఒకటి ఇస్తే గోల అదుపు తప్పుతోంది. ఏం చేయాలి?

ఈ తప్పు నేనూ చేశాను. ఒక బడిలో ఇరవై మంది పిల్లలకు పుస్తకం తెరవకముందే గిలక్కాయలు, గంటలు పంచేశాను. పావుగంట పాటు అవే మోగాయి. నాకు ఎంతో ఇష్టమైన కొంగ పేజీని ఒక్కరూ చూడలేదు. అంతా అయ్యాక ముందు వరుసలో ఉన్న బాబు 'కథ ఎప్పుడు చెప్తారు?' అని అడిగాడు. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు.

ఇప్పుడు మొదటిసారి కథ చదివేటప్పుడు ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. రెండోసారి నోటితో, చేతులతో చేసే చప్పుళ్లు. మూడోసారికి వస్తువులు, అవి కూడా ఇద్దరు ముగ్గురికే, వంతులవారీగా. వాయించకముందే ఆపడం నేర్పుతాను. అరచేయి చాపితే వాయించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. చేయి పైకెత్తితే పెద్దగా, కిందికి దించితే చిన్నగా. రెండు నిమిషాలు ఇదే ఆటగా ఆడించి, తర్వాత ఒక పిల్లవాడికే ఆ పని అప్పగిస్తే అందరూ బుద్ధిగా వింటారు.

మా అబ్బాయి పెద్ద చప్పుళ్లకు చెవులు మూసుకుంటాడు.

అలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వాళ్లది మొండితనం కాదు, ఆ చప్పుడు నిజంగానే బాధపెడుతుంది. ఏ చప్పుడు రాబోతోందో ముందే చెప్పండి, చేసే వస్తువు చూపించండి. వీలైతే ఆ పెద్ద చప్పుడు బాబు చేతనే చేయించండి. ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నది తన చేతిలో ఉంటే భయం చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ వద్దంటే ఉరుమును గుసగుసగా చెప్పినా కథకు లోటేమీ లేదు.

ఇయర్‌ఫోన్లలో ఆడియో కథలు వింటుంటే వాల్యూమ్ చూసుకోండి. పిల్లలకు వారానికి 40 గంటల వరకు 75 డెసిబెల్స్ దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు.

వినికిడి లోపం ఉన్న పిల్లలకు ఇదంతా వృథాయేనా?

అస్సలు కాదు. శబ్దం అంటే కంపనం. ఊదిన బెలూన్‌ను రెండు అరచేతుల మధ్య పట్టుకోమని, దగ్గర్లో డబ్బా వాయించండి. దెబ్బ దెబ్బకూ బెలూన్ అదురుతుంది. చెక్క బల్ల మీద పుస్తకం పెట్టి, పిల్లల చేతులు బల్లకు ఆనించి, మీరు బల్ల కింద తట్టినా అంతే. ఏనుగు అడుగులు అరచేతుల్లోంచి మోచేతుల దాకా పాకుతాయి. స్కాట్లండ్‌కు చెందిన తాళవాద్య కళాకారిణి ఎవెలిన్ గ్లెన్నీ 12 ఏళ్లకల్లా దాదాపు పూర్తిగా వినికిడి పోగొట్టుకున్నారు. కంపనాలు ఒంటికి బాగా తెలియాలని వేదిక మీద చెప్పులు లేకుండా వాయిస్తారు. బెలూన్ పగిలితే ముక్కలు వెంటనే ఏరేయండి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

బటన్ నొక్కితే శబ్దం వచ్చే పుస్తకాలు ఎలాంటివి?

కాసేపు బాగుంటాయి. ఎన్నిసార్లు నొక్కినా ఆవు ఒకేలా అంబా అంటుంది, మీరైతే పదిసార్లు పది రకాలుగా అనగలరు. బ్యాటరీ ఉన్న చోటు స్క్రూతో బిగించి ఉందో లేదో మాత్రం కచ్చితంగా చూడండి. నాణెం లాంటి చిన్న బ్యాటరీని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నేను చదివింది సంగీతంతో రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

పుస్తకంలోని మాటలకు, బొమ్మలకు హక్కులుంటాయి, ప్రచురణకర్తను అడగాలి. సంగీతంలో బాణీకి ఒక హక్కు, రికార్డింగ్‌కు ఇంకో హక్కు. వందేళ్ల నాటి బాణీ అయినా నిన్న వాయించి రికార్డు చేసినవాళ్లకు ఆ రికార్డింగ్ మీద హక్కు ఉంటుంది. మీ వేళ్లతో మీరు చేసిన వాన చప్పుడుకైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాత్రి నిద్రపుచ్చే ముందు చప్పుళ్లు చేస్తే పిల్లలు మరీ హుషారైపోతున్నారు.

పగలు చేసినవే చేయండి, కానీ వెనక్కి నడవండి. మొదటి పేజీల్లో మామూలు గొంతు, పేపరు కరకర అన్నీ ఉండనివ్వండి. సగానికి వచ్చేసరికి పేపరు పక్కన పెట్టేసి నోటితోనే అనండి. తర్వాత గుసగుస. పాట ఉంటే ప్రతిసారీ కాస్త నెమ్మదిగా, కాస్త కింది స్వరంలో పాడండి. మాటలు వదిలేసి కూనిరాగం తీయండి. చివరి పేజీలో తాబేలు నీళ్లలోకి దిగేటప్పుడు 'టప్' కూడా అక్కర్లేదు. వేలితో పిల్లల అరచేయి మీద ఒక్కసారి మెల్లగా తాకితే, అది ఏ చప్పుడో వాళ్లకు తెలుసు.